పాత సీడీలో దాగిన లెక్క

కిడ్నీలో రాయి ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇన్సూరెన్స్ ఎక్కడ చెల్లితే అక్కడికి తిరిగాడు. కొండాపూర్‌లో ఒక సీటీ, వారం తిరక్కుండానే గచ్చిబౌలిలో ఇంకొకటి. హైటెక్ సిటీలో రేడియాలజిస్టుగా పనిచేసే ఒక డాక్టరు దగ్గరికి వచ్చి, "మళ్లీ స్కాన్ తీయాలా మేడమ్?" అని అడిగాడు. ఆమె పాత సీడీలు రెండూ పెట్టి చూశారు. రాయి ఎక్కడుందో స్పష్టంగా కనబడుతోంది. అది దిగిందో లేదో చూడడానికి అల్ట్రాసౌండ్ సరిపోయింది.

సీడీలో చివరి పేజీ రేడియేషన్ డోసుది. సాధారణంగా ఎవరూ తెరవరు. పొట్టకు మామూలుగా తీసే సీటీకి 8 నుంచి 10 మిల్లీసీవర్టుల దాకా పడుతుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాది పొడవునా అందేది ప్రపంచ సగటున 2.4. రాళ్ల కోసమే అయితే తక్కువ డోసు సీటీని 3 లోపే ముగించవచ్చు. ఎక్స్‌రే సిబ్బందికి అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి ఏడాదికి సగటున 20. రోగికి మాత్రం అలాంటి పరిమితి లేదు. ఉండకూడదు కూడా, ఉంటే అవసరమైన స్కాన్ ఆగిపోతుంది. అందుకే అవసరమా కాదా అని తేల్చే బాధ్యతంతా డాక్టరు మీదే ఉంటుంది.

ఆ బాధ్యత ఎంత బరువో ఒక రాత్రి తెలిసింది. సోఫా మీంచి పడిన మూడేళ్ల పాపను నల్లగండ్ల నుంచి తీసుకొచ్చారు. "డబ్బు సంగతి వదిలేయండి, తలకు స్కాన్ తీసేయండి" అన్నాడు తండ్రి. పాపకు స్పృహ తప్పలేదు, వాంతి కాలేదు, ఎప్పటిలాగే ఆడుకుంటోంది. "తీయడం కష్టం కాదండీ, కాసేపు ఇక్కడే కనిపెట్టుకుని ఉందాం" అన్నారు డాక్టరు గారు. కొన్ని గంటల తర్వాత పాప బిస్కెట్ తింటూ ఇంటికి వెళ్లింది.

అంత నిబ్బరంగా చెప్పగలిగింది సొంత అనుభవంతో మాత్రమే కాదు. ఉత్తర అమెరికాలో 25 అత్యవసర విభాగాలు కలిసి 42 వేల మందికి పైగా పిల్లలను గమనించి, ఏ పిల్లలకు తల స్కాన్ అక్కర్లేదో 2009లో తేల్చాయి. ఇక ఐరోపాలో 9 దేశాలు కలిసి, 22 ఏళ్లు నిండకముందే సీటీ తీయించుకున్న దాదాపు 9.5 లక్షల మంది వివరాలు పరిశీలించి, 2023లో ఫలితం ప్రకటించాయి: ఇప్పటి డోసుతో సీటీ తీసిన పది వేల మంది పిల్లల్లో, తర్వాతి 12 ఏళ్లలో ఒకరిద్దరికి రేడియేషన్ వల్ల రక్త క్యాన్సర్ రావచ్చని. పది వేలల్లో ఒకరిద్దరిని ఏ ఒక్క డాక్టరూ తన జీవితకాలంలో గుర్తుపట్టలేరు. ఏ ఒక్క ఆసుపత్రికీ అది సాధ్యం కాదు.

సిబ్బంది కళ్ల విషయమూ అలాగే, పలుచోట్ల వివరాలు కలిపితేనే బయటపడింది. ఎక్స్‌రే చూస్తూ గుండె చికిత్సలు చేసే క్యాథ్‌ల్యాబ్‌లలో పనిచేసేవారి కంటి కటకాలపై అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2008లో పలు దేశాల వైద్యులతో అధ్యయనం మొదలుపెట్టింది. కటకాల్లో మసకలు కనబడ్డాయి. ఏడాదికి 150 మిల్లీసీవర్టులుగా ఉన్న కంటి పరిమితిని 2011లో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం ఐదేళ్ల సగటున 20కి దించింది. అయినా కొన్నిచోట్ల డోసు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ఛాతీ మీద కాక గోడ మేకుకే వేలాడుతుంటుంది. ఇది మారాలి.

ప్రపంచ డేటానంతా సర్దే ఇంజనీర్లున్న ఈ ఐటీ కారిడార్‌లో, వాళ్ల సొంత స్కాన్ల డోసు లెక్క ఒక ఆసుపత్రి గడప దాటడం లేదు. ఇప్పటి సీటీ యంత్రాలు డోసును బొమ్మలతోపాటే రాసి పెడతాయి. అమెరికా రేడియాలజిస్టుల సంఘం ఆ అంకెలను 2011 నుంచే ఒక రిజిస్ట్రీలో పోగుచేస్తోంది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఆసుపత్రులు రోగుల పేర్లు తీసేసి, రెండే రకాల స్కాన్లతో అలాంటి రిజిస్ట్రీని మొదలుపెట్టవచ్చంటారు ఆ రేడియాలజిస్టు: కిడ్నీ రాళ్ల సీటీ, పిల్లల తల సీటీ.