చూడముచ్చటైన సంసారం

పదిమందీ మెచ్చుకున్న సంసారం కూలిపోయినప్పుడు ఊరు అడిగే ప్రశ్న ఒక్కటే: తప్పెవరిది? దశాబ్దాల పాటు వైద్యవృత్తిలో గడిపిన నాకు అంతకంటె ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నదనిపిస్తుంది. ఆ ఇంటిలోని వారి ఆరోగ్యం ఏమైంది?

ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఆనవాలు తెలియకుండా వివరాలు మార్చాను. భర్త ఉన్నతోద్యోగి, భార్య ఉపాధ్యాయిని, పదేళ్ళ కుమార్తె. సంబంధాలు వెదికేవారు "ఆలుమగలంటే వారిలా ఉండాలి" అని చెప్పుకొనేవారు.

ముందుగా నా వద్దకు వచ్చినది ఆ పాప. ప్రతి ఉదయం కడుపునొప్పి. పరీక్షలన్నీ చేయించాను, ఎందులోనూ లోపం కనబడలేదు. కొన్ని వారాల తరువాత తల్లి వచ్చింది. నిద్ర లేదు, బరువు తగ్గింది, గుండెలో దడ. ఈసీజీ సవ్యంగానే ఉన్నది. లేవబోతూ ఆమె మెల్లగా అడిగింది: "డాక్టరుగారూ, మావారికి తెలియకుండా నాకు రక్తపరీక్ష చేయించగలరా?"

ఆ ఒక్క మాటతో అంతా అర్థమైంది. భర్తకు మూడేళ్ళుగా మరొక స్త్రీతో సంబంధం ఉన్నదని ఆమెకు అతని ఫోను ద్వారా తెలిసింది. ఆమె భయపడినది హెచ్‌ఐవీకి. అది లేదని తేలింది గాని, సిఫిలిస్ ఉన్నట్లు బయటపడింది. ఆమెకు బాధగాని, పుండుగాని ఎన్నడూ కనబడలేదు. ఈ వ్యాధి స్వభావమే అది. తొలి పుండు నొప్పి లేకుండా వచ్చి, దానంతటదే మానిపోతుంది. వ్యాధి మాత్రం ఒంటిలోనే దాగి ఉంటుంది. ఎప్పుడు సోకినదో తెలియదు గనుక వారానికొకటి చొప్పున మూడు పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఇచ్చాము.

భర్తకు ఆ సంగతి ఆమే చెప్పింది. అతడు తల వంచుకొని వచ్చి చికిత్స తీసుకొన్నాడు. ఆ రెండవ స్త్రీకి కూడ పరీక్ష అవసరమని చెప్పి పంపాను. వ్యాధి విషయంలో ఆమె కూడ ఒక రోగియే.

పాప కడుపునొప్పికి కారణం చివర తెలిసింది. నాన్న ఫోను తెచ్చి ఇమ్మని తల్లి, అమ్మకు చెప్పవద్దని తండ్రి; ఇద్దరి రహస్యాలనూ ఆ పసిది మోసింది. పిల్లల మనసులోని భయం ఇలా కడుపునొప్పిగానో, తలనొప్పిగానో బయటపడటం సాధారణమే. అది నటన కాదు. ఏడాదిలో దంపతులు విడిపోయారు. పాపను మధ్యకు లాగడం మానుకొన్న తరువాతనే ఆమె నొప్పి తగ్గింది.

2018 సెప్టెంబరు 27న మన సర్వోన్నత న్యాయస్థానం వివాహేతర సంబంధాన్ని నేరాల జాబితా నుంచి తొలగించింది. విడాకులకు కారణంగా మాత్రం అది నేటికీ నిలిచే ఉన్నది. న్యాయం కోర్టులో తేలేలోగా ఒంటిలోని వ్యాధి ఆగదు.

కనుక ఇటువంటి కష్టం ఎదురైనవారికి నా మనవి. సిగ్గుపడి పరీక్షను వాయిదా వేయకండి. ప్రభుత్వాసుపత్రులలోని ఐసీటీసీ కేంద్రాలలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. ఫలితం గోప్యంగా ఉంచుతారు. తొలి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా మూడు నెలలకు మరల చేయించుకోవాలి. చికిత్స ఇద్దరికీ జరగాలి. ఒకరికే చేస్తే వ్యాధి తిరిగి వస్తుంది. సందేహాలకు 1097, మనోవేదన భరించరానిదైతే టెలీ మానస్ 14416 నంబర్లు ఉన్నాయి.

కలిసి ఉండటమా, విడిపోవటమా అనేది మీ నిర్ణయం. ఏది నిశ్చయించుకొన్నా, ఆ మాట పిల్లలకు తల్లిదండ్రులిద్దరూ కూర్చొని చెప్పండి. ఇందులో వారి దోషం ఏమీ లేదని కూడ చెప్పండి.