విలేకరి ప్రశ్న

దేశాధినేతల సరసన వరుసగా నిలుచున్న విద్యార్థుల ఛాయాచిత్రాలు చూచినప్పుడెల్ల నాకొక సందేహం కలుగుతుంది. ఆ నాలుగు నిమిషాలలో పిల్లలకు దక్కేదేమిటి? నాయకునికి దక్కేది తెలిసినదే, మరునాటి పత్రికలో బొమ్మ!

1963 జూలైలో కెనడీతో కరచాలనం చేస్తున్న బిల్ క్లింటన్ బొమ్మ లోకప్రసిద్ధం. అయితే అతడు ఆ దేశపు బిడ్డడే. అంతకు ముందుటేడు అదే అధ్యక్షుని చూడవచ్చిన ఒక కొరియా బాలుని వృత్తాంతం నాబోటి బడిపంతులుకు మరింత రుచిస్తుంది.

ఆ బాలుడు బాన్ కీ మూన్. 1944లో పుట్టి, దక్షిణ కొరియాలోని చుంగ్జు అనే ఊళ్ళో పెరిగినవాడు. ఆరేండ్ల ప్రాయంలో యుద్ధం వచ్చిపడింది. కుటుంబం ప్రాణాలరచేత పట్టుకొని కొండలకు చేరింది. బళ్ళు కూలిపోగా చదువు చెట్టునీడకు వచ్చింది. పుస్తకాలు ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో వచ్చాయి. 1956లో సోవియట్ సేనలు హంగరీని అణచివేసినప్పుడు, ఆ ప్రజలను ఆదుకొనుమని సమితి ప్రధాన కార్యదర్శి హామర్‌షెల్డ్‌ను ఉద్దేశించిన విజ్ఞప్తిని తన పాఠశాల పక్షాన చదివినవాడు ఈ పన్నెండేండ్ల పిల్లవాడే.

ఉన్నత పాఠశాలలో చేరిన పిదప అతనికి ఆంగ్లంపై మక్కువ కలిగింది. ఊరి దాపున ఎరువుల కర్మాగారం ఉండేది. అందులో పనిచేసే అమెరికా ఇంజనీర్లతో నాలుగు మాటలు మాట్లాడటానికి ఈ కుర్రవాడు అంత దూరమూ నడిచిపోయేవాడట. (మేము ఆ యీడులో ఆంగ్లం మాట్లాడే మనిషి ఎదురైతే పక్కసందులోనికి తప్పుకొనేవారము.) 1962లో రెడ్‌క్రాస్ వారి ఆంగ్ల వ్యాసరచన పోటీలో నెగ్గి అమెరికా చేరాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఒక కుటుంబం వారింట ఉండి, అటుపై ఆగస్టులో నానాదేశాల విద్యార్థులతో కూడి వాషింగ్టన్‌లో కెనడీ ఎదుట నిలిచాడు.

దేశాల నడుమ గీతలు ముఖ్యం కావు, ఒకరికొకరు చేయి అందించడానికి సిద్ధంగా ఉన్నారా లేదా అన్నదే ముఖ్యమని అధ్యక్షుడు ఆనాడు చెప్పినట్లు బాన్ తరువాత పలుమార్లు గుర్తుచేసుకొన్నారు. ఆ నెల 29వ తేదీననే అమెరికా యూ-2 విమానం క్యూబాపై ఎగిరి, అక్కడ సోవియట్ క్షిపణి స్థావరాలను ఫొటోలు తీసింది. వింటున్న బాలుని స్వదేశమా, నిట్టనిలువునా కాదుగాని అడ్డంగా రెండుగా చీలి ఉన్నది. చేయి అందించే మాట ఎంత మంచిదైనా, ఆనాటి గీతలు మాత్రం బాగా లోతైనవి.

అప్పుడొక విలేకరి ఆ కుర్రవానిని, పెద్దవాడవై ఏమవుదామనుకొంటున్నావని అడిగాడు. దౌత్యవేత్తనవుతానన్నాడు.

ఈ ప్రశ్న మేము ఏటేటా తరగతిలో అడిగేదే. పిల్లలు మా ముఖం చూచి, మాకు నచ్చే జవాబే చెబుతారు. ఇక్కడ అడిగినవాడు అపరిచితుడు, భాష పరాయిది, ఎదుట ఉన్నవాడు అమెరికా అధ్యక్షుడు. మనసులో నలుగుతున్న కోరికను అంతమందిలో ఒకసారి పైకి అనేసిన తరువాత వెనుకకు తీసుకోవడం కష్టం. కెనడీ ప్రసంగం కంటె ఈ ప్రశ్నకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ప్రసంగం అక్కడున్న పిల్లలందరూ విన్నారు. వారిలో ఎందరి పేర్లు మనకు తెలుసు? ఇక ఆ జవాబు వెనుక కర్మాగారం దాకా నడిచిన నడక ఉన్నది. ఆ నడకకు ఫొటో తీసినవారు లేరు.

హామర్‌షెల్డ్ కూర్చున్న ఆసనంలోనే బాన్ 2007 నుండి 2016 దాకా కూర్చున్నారు. ఆ సంగతి అందరికీ తెలుసు. నాకు ప్రియమైనది మరొకటి. సియోల్‌లో పట్టా పుచ్చుకొని 1970లో విదేశాంగ శాఖలో చేరిన ఆయనకు తొలి ఉద్యోగానికి అమెరికా వెళ్ళే అవకాశం ఉన్నది. కెనడీని చూచిన దేశం! అయినా అక్కడికి పోక ఢిల్లీని కోరుకొన్నారు. ఇక్కడైతే ఖర్చు తక్కువ, ఇంటికి నాలుగు డబ్బులు పంపవచ్చునని.