మృగశిరకి ముసుగు... దసరాకి దండ!

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే డెట్రాయిట్, న్యూజెర్సీల్లో నవంబరు వచ్చిందంటే చాలు, ముచ్చటపడి కొనుక్కున్న పాత కార్లను షెడ్డులోకి తోసి తలుపు వేసేస్తారు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పు కారు అడుగుభాగాన్ని తినేస్తుంది. మళ్లీ ఏప్రిల్ దాకా దానికి సెలవే. మన జూబ్లీహిల్స్‌లో వ్యవహారం సరిగ్గా తలకిందులు. ఇక్కడ చలికాలమే పాత కారుకి పెళ్లిళ్ల సీజన్. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదివారం పొద్దున్నే కేబీఆర్ పార్కు పక్క రోడ్డు మీద ఓ గంట నిలబడండి... గుండ్రటి దీపాల ఫియటో, బొద్దుగా ఉండే అంబాసిడరో మీ ముందు నుంచి ఠీవిగా వెళ్తే, పక్కనున్న ఖరీదైన విదేశీ కారుని ఎవరూ చూడరు! ఆ బండ్లని నిద్రపుచ్చాల్సింది వానాకాలంలో.

అందుకు ముహూర్తం వెతుక్కోనక్కర్లేదు. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వస్తుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందు కోసం జనం బారులు తీరే రోజులు. అప్పటికల్లా కారుకి ముసుగు పడిపోవాలి.

ఇంతకీ ముసుగు వేసి ఎక్కడ పెట్టాలి? అసలు చిక్కంతా అక్కడే. చెక్‌పోస్ట్ దగ్గర బయల్దేరి ఫిల్మ్‌నగర్ మీదుగా షేక్‌పేట వైపు దిగి చూడండి. దారి పొడవునా ఎత్తుపల్లాలే. ఇళ్ల మధ్య ఇంకా అక్కడక్కడా మిగిలిన నల్లరాతి గుండ్లు కనిపిస్తాయి. ఇదంతా రాతినేల, పడ్డ వానని పెద్దగా తాగదు. నీళ్లు పైనుంచి కిందికి పరుగే. పాతకాలం ఇళ్లలో కారు పోర్టికోలో ఉండేది, గచ్చు ఎత్తుగా ఉండేది, గాలి ఆడేది. ఆ ఇళ్లు ఒక్కొక్కటే అపార్టుమెంట్లయ్యాయి. కార్లు రాయి పగలగొట్టి తవ్విన సెల్లార్లలోకి దిగిపోయాయి. రోజూ తిరిగే కారుకి సెల్లార్ పర్వాలేదు. నాలుగు నెలలు కదలకుండా ఉండే కారుకి మాత్రం అది బావి అడుగున పడుకోవడమే. గోడలో రాతి సందుల్లోంచి ఊటలా నీరు దిగుతుంది. నేల మీద ఒక్క చుక్క కనిపించకపోయినా గాల్లో చెమ్మ ఉంటుంది.

2020 అక్టోబరు 13 రాత్రి సంగతి నగరవాసులెవరూ మర్చిపోలేరు. బేగంపేటలో ఒక్కరోజులో 19 సెంటీమీటర్ల వాన. ఫిల్మ్‌నగర్‌కి దిగువనున్న టోలిచౌకి నదీం కాలనీలో వీధులు చెరువులయ్యాయి. నగరంలో చాలాచోట్ల కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోవడం టీవీల్లో చూశాం. కొత్త కారు మునిగితే బీమా వస్తుంది. నాన్నగారు మొదటి జీతాలు కూడబెట్టి కొన్న ఫియట్ మునిగితే ఏ కంపెనీ తెచ్చిస్తుంది? అందుకే అపార్టుమెంటు మీటింగులో సిగ్గుపడకుండా అడగండి. సెల్లార్ వద్దు, స్టిల్ట్‌లో మెట్ల పక్కన చోటు చాలని. అదీ కుదరకపోతే ఎత్తు మీదున్న బంధువుల పోర్టికో వెతుక్కోవాలి. మేనమామ ఇంట్లో నాలుగు నెలలు కారు ఉంచితే తప్పులేదు!

ఈ కొండకీ పాత కార్లకీ బంధుత్వం కొత్తది కాదు. తెలుగు సినిమా మద్రాసు నుంచి మెల్లగా మూటాముల్లె సర్దుకుంటున్న రోజుల్లో, 1976లో బంజారాహిల్స్‌లో అక్కినేని అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. తర్వాత ఫిల్మ్‌నగర్ గుట్ట మీద రామానాయుడు స్టూడియోస్ వచ్చింది. ఆ 1970ల్లో ఎంత పెద్ద తారకైనా మన దేశంలో తయారయ్యే కారంటే అంబాసిడర్, ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్... ఇంచుమించు ఈ మూడే. 1983 చివర్లో మారుతి వచ్చాక లెక్క మారింది. 2014లో అంబాసిడర్ తయారీ కూడా ఆగిపోయింది. ఇప్పుడవే బండ్లకి మళ్లీ కాల్షీట్లు! సావిత్రి జీవితంతో ‘మహానటి’ (2018) తీసినా, 1920ల నాటి కథతో ‘ఆర్ఆర్ఆర్’ (2022) తీసినా, తెర మీద ఆ కాలం కనిపించాలంటే ఆ కాలపు కారు ఉండాల్సిందే. నటుడికైతే వయసు దాచడానికి మేకప్ వేస్తారు. కారుకి వయసు కనిపించాలి, కానీ తుప్పు కనిపించకూడదు. ఎంత కష్టమో!

సరే, చోటు దొరికింది. ఇక పని మొదలుపెడదాం. ముందు ఇంజిన్ ఆయిల్ మార్పించండి. వాడేసిన నల్లటి ఆయిల్‌లో ఆమ్లాలుంటాయి, వాటిని కడుపులో పెట్టుకుని పడుకుంటే బేరింగులు పాడవుతాయి. తర్వాత ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోయించి, చేత్తో హ్యాండిల్ నాలుగు చుట్లు తిప్పించాలి. పాత ఫియట్‌కీ అంబాసిడర్‌కీ ఆ సదుపాయం ఉంది. బ్యాటరీ ఊడదీసి చెక్క మీద పెట్టి నెలకోసారి ఛార్జింగ్ చేయిస్తే సరిపోతుంది. టైర్లలో గాలి కాస్త ఎక్కువ కొట్టించాలి. ముఖ్యంగా హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేయొద్దు. చెమ్మకి బ్రేకు డ్రమ్ముకి అతుక్కుపోతుంది. చక్రాల కింద ఇటుకో, చెక్క దిమ్మో ఉంచండి.

పెట్రోలు సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్పుకోవాలి. మన తాతల కాలంలో లేని తలనొప్పి ఇది. 2023 నుంచి బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది, 2025 నాటికి దేశమంతా అదే అయింది. ఇథనాల్‌కి నీళ్లంటే మహా ఇష్టం, గాల్లోని చెమ్మని పీల్చుకుంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో నాలుగు నెలలపాటు వానాకాలపు గాలి ఆడిందనుకోండి... చివరికి నీళ్లూ ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి. ఇంజిన్‌కి వెళ్లే గొట్టం ఉండేదీ ఆ అడుగునే! ఇనప ట్యాంకు తుప్పు పడుతుంది. పాతకాలపు రబ్బరు పైపులు, పెట్రోలు పంపులోని పొర మెత్తబడి పగులుతాయి. కాబట్టి ట్యాంకు మూతిదాకా నింపేయండి, గాలికి చోటుండదు. తర్వాత ఆరుబయట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పంపుకి వచ్చే పైపుని విప్పి బిగించి, కార్బురేటర్‌లో ఉన్న కాస్త పెట్రోలూ అయిపోయి ఆగేదాకా ఇంజిన్ నడిపించాలి. ఈ పని మెకానిక్ చేతే చేయించండి, నిప్పుతో చెలగాటం వద్దు. అలాగే ఇథనాల్‌ని తట్టుకునే పైపులు అడిగి మరీ వేయించుకోండి. రూపాయి ఎక్కువైనా ఫర్వాలేదు.

చాలామంది వాచ్‌మన్‌కి తాళాలిచ్చి వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచమంటారు. దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తే ఆ తడంతా సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ మిగిలిపోతుంది. వాన లేని రోజు చూసుకుని అరగంట తిప్పాలి, లేదంటే అసలు లేపకూడదు.

ఇక ఎలుకలు! జూబ్లీహిల్స్ పందికొక్కులకి వానాకాలంలో కలుగులు మునుగుతాయి. పొడిగా, మెత్తగా, సీట్లలో పీచూ స్పాంజీ ఉన్న కారుకి మించిన అద్దెకొంప వాటికెక్కడ దొరుకుతుంది? వైర్లు కొరికితే మరమ్మతుకి వేలల్లోనే. డిక్కీలో పాత బిస్కెట్ ప్యాకెట్ కూడా ఉండకూడదు. సైలెన్సర్ గొట్టంలో గుడ్డ కుక్కి, మర్చిపోకుండా స్టీరింగ్‌కి ఎర్ర రిబ్బన్ కట్టండి. కలరా ఉండలు గుడ్డ మూటల్లో కట్టి బానెట్ కింద పెట్టండి. అద్దాలు వేలెడు సందు వదిలి, బంపర్లకి వాసెలిన్ పూసి, చివరగా ముసుగు. ప్లాస్టిక్ టార్పాలిన్ వద్దేవద్దు, లోపల చెమట పడుతుంది. పాత నేత దుప్పట్లు రెండు కలిపి కుట్టించినా చాలు.

కారు నిద్రపోయే ఈ నాలుగు నెలలు కాగితాల పని చేసుకోవడానికి మంచి సమయం. యాభై ఏళ్లు దాటిన బండ్లకి 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. మొదటిసారి రుసుము 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే అలాంటి బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలకో, ర్యాలీలకో, మరమ్మతుకో మాత్రమే.

నిజాముల కోసం ఇంగ్లండు నుంచి వచ్చిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ని పాతబస్తీ చౌమహల్లా ప్యాలెస్‌లో పిల్లలకి చూపించండి. ఎంత గొప్ప బండైనా మూలన పెట్టేసి ఊరుకుంటే సరిపోదని, బాగుచేయించి జాగ్రత్తగా చూసుకుంటేనే నూరేళ్ల తర్వాతా మెరుస్తుందని అక్కడ వాళ్లకే అర్థమవుతుంది.

దసరాకి ముసుగు తీయాలి. ఆయుధపూజ నాడు బండి దుప్పటి కింద ఉంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు కదా! అలాగని ఆ రోజే రోడ్డెక్కించొద్దు. 2020లో ఆ వాన పడింది దసరాకి రెండు వారాల ముందే మరి. ముందు సైలెన్సర్‌లో గుడ్డ తీయండి, ఎర్ర రిబ్బన్ గుర్తుచేస్తుంది. బ్యాటరీ బిగించి, పెట్రోలు పైపు తగిలించి, బ్రేకు ఆయిల్ చూసి, బొట్టుపెట్టి బంతిపూల దండ వేయండి. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. గేటు లోపలే, మెల్లగా గేరు వేసి వదలండి. నాలుగూ చితికాయంటే క్లచ్ పట్టేయలేదు, బ్రేకులు అతుక్కోలేదన్నమాట. చెక్‌పోస్ట్ దాకా షికారు దీపావళి తర్వాత!