తడిసిన కల్లము



ఆత్మకూరు అను పేరుగల ఊళ్ళు మన తెలుగునాట అనేకములు. నెల్లూరు సీమలో ఒకటి, నల్లమల అంచున ఒకటి, వనపర్తి వైపు ఒకటి. అందుచేత మా ఆత్మకూరు ప్రక్కన 'ఎస్' అను అక్షరము చేర్చి వ్రాయుదురు. సూర్యాపేట ఆత్మకూరు అని దాని భావము. ఈ మండలపు సంఘములలో సేవ చేయుచున్న నేను వ్యవసాయపు కుటుంబములో పుట్టినవాడను కాను. ఈ సంగతి ముందుగానే చెప్పుట మంచిది. ఏలయనగా నేను ఇచ్చట వ్రాయబోవునది నా అజ్ఞానమును గూర్చియే.

సెమినరీలో చదువుకొను దినములలో కనాను దేశపు ఋతువులను గూర్చి మాకు చక్కగా నేర్పిరి. అచ్చట వేసవి అంతయు చుక్క వాన ఉండదు. అక్టోబరు, నవంబరు మాసములలో మొదటి వాన కురిసి గట్టిపడిన నేలను మెత్తజేయును. అప్పుడు గోధుమలు, యవలు విత్తుదురు. మార్చి, ఏప్రిలు మాసములలో పడు కడవరి వాన గింజను నింపును. ఆ మొదటి వానకు మన తెలుగు బైబిలులో తొలకరి అను మాట వాడిరి. మన రైతు తొలకరి అనగానే మృగశిర కార్తెను, జూన్ మాసమును తలంచుకొనును. మాట ఒకటే గాని కాలము వేరు. పరీక్షలో ఈ విషయము వ్రాసి మంచి మార్కులే తెచ్చుకొంటిని.

అయితే సేవలో చేరిన తొలి యేండ్లలో, ఒక అక్టోబరు ఆదివారమున, బయట ముసురు పట్టియుండగా, దేవుడు పంపు ఆశీర్వాదపు వానను గూర్చి నేను ఉత్సాహముగా ప్రసంగించితిని. నడుమ ఒక వృద్ధురాలు లేచి కొంగు తలపై వేసికొని వెళ్ళిపోయెను. ఆరాధన ముగిసిన పిమ్మట సంఘపెద్ద నా యొద్దకు వచ్చి మెల్లగా, "అయ్యగారూ, ఆమెవి రెండెకరాల వడ్లు మడిలనే పండుకున్నయి" అనెను. కనానులో ఆ నెల వాన విత్తుటకు పిలుపు. మా ఊరిలో ఆ నెల వాన పండిన పంట మీద పడును. ఈ భేదమును పుస్తకములో చదివినవాడను, కిటికీలోనుండి చూడలేకపోతిని.

అక్టోబరు వచ్చునప్పటికి మా వైపు వరి గింజ గట్టిపడుచుండును, పత్తికాయ విచ్చుచుండును. రైతునకు కావలసినది ఎండ. ఆ సమయమున రెండు దినములు గాలివాన కొట్టెనా, వరి చాపవలె పడిపోవును. నీట మునిగిన వెన్ను కొద్ది దినములలోనే మొలకెత్తును. విచ్చిన పత్తి నల్లబడును, విచ్చని కాయ చెట్టుననే మురిగిపోవును. 2013 అక్టోబరు చివరి వారమున, అప్పటి ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, ఇట్లే జరిగెను. 2020 అక్టోబరులో హైదరాబాదు వీధులు నీట మునిగినప్పుడు పత్రికలన్నియు నగరమును గూర్చియే వ్రాసెను గాని, మన పొలములును మునిగెను.

పొలములో నీరు నిలిచినచో టైరు మిషను దిగబడును. చైను మిషను తేవలెను. దాని బాడిగ ఎక్కువ. పడిపోయిన పైరును కోయుటకు పట్టు గంటలును ఎక్కువ. కోసిన వడ్లను కొనుగోలు కేంద్రమునకు చేర్చినచో, తేమ నూటికి 17 పాళ్ళు మించరాదని నియమము. పత్తికైతే 8 పాళ్ళ వరకు పూర్తి ధర, 12 దాటినచో సి.సి.ఐ. వారు కొనరు. కాబట్టి రోడ్డు పొడవున వడ్లు ఆరబోయుట, మబ్బు కనబడగానే కుప్ప చేయుట, ఎండ రాగానే మరల పరచుట. నెమ్మికల్ రోడ్డున పోవుచు, త్రోవకు అడ్డముగా వడ్లు పోసిరని విసుగుకొను కారు యజమానులను నేను ఎరుగుదును. ఒకప్పుడు నేనును విసుగుకొంటిని.

ఇదంతయు వానాకాలపు పంట కథ. కంటికి కనబడు నష్టము. దీనికొరకు ప్రార్థనలు చేయుదుము, పరదాలు పంచుదుము, ఫోటోలు తీయుదుము. వాన వెలిసినచో మన దుఃఖమును వెలియును. కాని తడిసిన కల్లము యాసంగిని కూడ తినివేయునని నాకు తెలిసినది ఆలస్యముగానే. ఎట్లు తెలిసినదో చెప్పెదను.

మా సంఘములో ఒక సహోదరుడు కలడు. ఆయన పేరు ఇచ్చట వ్రాయను. మూడెకరములు కౌలుకు చేయుచున్నాడు. 2023వ సంవత్సరము వానలు సరిగా లేని యేడు. ఆ ఆగస్టు దేశమంతటికిని 1901 నుండి లెక్కలున్న ఆగస్టులన్నిటిలో అతి తక్కువ వాన కురిసిన ఆగస్టు. అయినను ఆయన బోరు నీటితో పంట దక్కించుకొని, వడ్లు కల్లమునకు చేర్చి, కాంటా కొరకు కాచుకొనియుండెను. డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటెను. అక్కరకు రాని వాన అప్పుడు వచ్చెను. కుప్పమీద పరదా బాగుగనే కప్పెను. కాని వరదనీరు పరదా మీదనుండి రాదు, క్రిందనుండి పారును. మూడవనాడు పరదా తీసి చూచినప్పుడు కుప్ప అడుగున తెల్లని మొలకలు లేచియుండెను. కొంత వ్యాపారికి వచ్చిన ధరకు అమ్మెను. అది కౌలుకును మిషను బాడిగకును చాలలేదు.

ఆ నెలలోనే మా కోతపండుగ. ఆయన భార్య గంపెడు వడ్లు తెచ్చి బల్ల ముందర పెట్టెను. అవి రంగు మారినవి, వాసన కొట్టుచున్నవి. వేలములో ఎవరు పాడుదురని నేను లోలోపల వెనుకాడితిని. పిమ్మట హబక్కూకు ప్రవక్తను తీసికొని, పంటలేమియు లేకున్నను సంతోషించిన ఆ భక్తుని విశ్వాసమును గూర్చి ముప్పావు గంట ప్రసంగించితిని. చదువరులారా, ప్రవక్త మాట సత్యమే. అయితే అది పంట పోయినవాడు తన నోట పలికిన మాట. నెల మొదటి తేదీన జీతము తీసికొనువాడు ఎదుటివానికి అప్పగించు మాట కాదు.

ఇప్పుడు యాసంగి లెక్క వినుడి. మా వైపు యాసంగి నారు నవంబరు నడిమినుండి డిసెంబరు నడిమి వరకు పోసినచో మంచిది. కోత ఆలస్యమై, కల్లము ఆలస్యమై, డబ్బు చేతికి రాక, ఆయన నారు పోసినది డిసెంబరు చివర. గట్టి చలిలో నారు పసుపురంగుకు తిరిగి ఎదుగుదల లేక నిలిచిపోవును. 120 దినముల రకమైన కాటన్‌దొర సన్నాలు కూడ చలికి మరి కొన్ని దినములు తీసికొనును. అనగా ఏప్రిలు చివర, లేక మే మొదట కోత. అప్పటికి కాలువ నీరు ఆగిపోవును, బోర్లు దిగిపోవును, వడగండ్ల కాలము వచ్చును. ఎండకు గింజ పగిలి మిల్లులో నూక అగును. శీతకాలపు పంట చెడుట వేసవిలో కనబడును గాని, దాని విత్తు తడిసిన కల్లములోనే పడియున్నది.

పైగా ఆ యేడు నీళ్ళే లేవు. 2019లో కాళేశ్వరము ప్రారంభమైన పిమ్మట గోదావరి నీరు శ్రీరామసాగర్ రెండవ దశ కాలువలలో మన సూర్యాపేట వైపు పారుట చూచి జనులు నమ్మకముతో నాట్లు పెంచిరి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ స్తంభములు క్రుంగెను. నీరు రాకుండుటకు అదియే కారణమా, వానలు లేకపోవుటయా అని నాయకులు వాదించుకొనిరి. వాదన ఎట్లున్నను చివరి భూములకు నీరు చాలలేదు. 2024 మార్చి నాటికి ఆ సహోదరుని మడి నెఱ్ఱెలు విచ్చెను. ఈనిన వరిని గొఱ్ఱెలకు విడిచిపెట్టెను.

ఆ మార్చి 31న మాజీ ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు ఎండిన పొలములు చూచుటకు మన జిల్లాకు వచ్చిరి. పత్రికలవారు వచ్చిరి. నేను వెళ్ళలేదు. నా ఇంటినుండి ఆయన పొలమునకు ఎంత దూరమో వ్రాయుటకు సిగ్గుపడుచున్నాను. అంతకంటె ఘోరమైనది మరియొకటి కలదు. ఫిబ్రవరి నుండి ఆయన ఆరాధనకు వచ్చుట మానివేసెను. చల్లారిపోయెనని నేను తలంచితిని. లోకాశలచేత కూడుకొనుట మానినవారిని గూర్చి ఒక ఆదివారము ప్రసంగములో ఒక మాట కూడ విసిరితిని. అందరికిని ఎవరిని గూర్చియో తెలిసెను.

ఏప్రిలులో ఆయన కుమారుడు ఇంటర్మీడియటు చదువు విడిచి హైదరాబాదులో కట్టడపు పనికి పోయెనని విని, అప్పుడు వెళ్ళితిని. మంచము వాల్చిరి, మజ్జిగ ఇచ్చిరి. ఎందుకు రావడము లేదని అడిగితిని. ఆయన నేలవైపు చూచుచు, "అప్పులోళ్ళు గుడికాడనే పట్టుకుంటున్నరు అయ్యగారూ. అందరి ముందట అడిగితే ఇజ్జత్ పోతదని రాలే" అనెను. అంతియే. నా ప్రసంగపు మాట ఆయనకు చేరినదో లేదో నేను అడుగలేదు. ఆయనయు చెప్పలేదు.

కౌలురైతు సంగతి మీలో చాలమందికి తెలిసినదే. 2018లో వచ్చిన రైతుబంధు సొమ్ము పాసుపుస్తకము గలవారికే దక్కెను, కౌలుదారునికి రాలేదు. 2020 నుండి మన రాష్ట్రము కేంద్రపు పంటల బీమాలో చేరక నిలిచినందున బీమాయు దొరకలేదు. సాగుదారులకు గుర్తింపు కార్డులియ్యవలెనని 2011లోనే చట్టము చేసిరి గాని, కార్డు తీసికొనినచో యజమాని మరుసటి యేడు భూమి ఇయ్యడేమో అను భయము ఉన్నది. వరి మాని ఆరుతడి పంటలు వేయుమని వ్యవసాయాధికారులు చెప్పుదురు. మంచి మాటే. మక్కజొన్న, పల్లికాయ వేసినచో కోతులకు కావలి ఎవరుందురని రైతు అడుగును. దానికి నా యొద్ద జవాబు లేదు. వారి యొద్దను నేను వినలేదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురము ప్రక్కన తీరము దాటెను. మరునాడు తెలంగాణమంతట వాన. వరంగల్ వీధులలో పడవలు తిరిగినట్లు వింటిరి. మా కల్లములు మరల తడిసెను. ఈసారి కోతపండుగ వేలపు సొమ్ములో సగము ఏప్రిలు వరకు పెట్టెలోనే ఉంచవలెనని సంఘపెద్దలు తీర్మానించిరి. ఇద్దరు ఒప్పుకొనలేదు. గుడి గోడకు సున్నము వేయించవలసియున్నదని వారి మాట. అదియు అబద్ధము కాదు; గోడ పెచ్చులూడుచున్నది. అయినను సొమ్ము పెట్టెలోనే ఉన్నది. అది ఎవరి అప్పును తీర్చునంతటిది కాదు. ఒకరి మోటారు కాలినప్పుడు బాగుచేయించుటకో, ఒక పిల్లవాని ఫీజునకో అక్కరకు వచ్చును. పెట్టె తాళము నా యొద్ద లేదు, ఒక సహోదరి యొద్ద ఉన్నది. ఎవరు తీసికొనిరో సంఘములో చదివి వినిపింపకూడదని కూడ నిర్ణయించితిమి.

నేను చేయగలిగినది నడచుట. డిసెంబరులో, ఆదివారము కాని దినమున, సాయంకాలము ఆ సహోదరుని నారుమడికి వెళ్ళితిని. ఈసారియు నారు ఆలస్యమే. చలి గట్టిగా ఉండెను. సాయంత్రము మడిలోని చల్లని నీరు తీసివేసి ఉదయము క్రొత్త నీరు పెట్టుట, రాత్రులు నారుపైన పాలిథీను పరదా కప్పుట, ఈ విధముగా నారు కాపాడుకొనవలెనట. కఱ్ఱలు నాటి యుండెను. పరదా పొడవుగా ఉండి గాలికి కొట్టుకొనుచుండెను. ఆయన ఒక్కడే ఒక ప్రక్క సరిచేయగా రెండవ ప్రక్క లేచిపోవుచుండెను.

నేను గట్టుమీద నిలిచి ప్రార్థన చేయుదమా అని అడుగబోతిని. ఆయన నావైపు చూడకయే, "అయ్యగారూ, ఆ కొస గట్టిగ పట్టుకోండ్రి" అనెను. చెప్పులు విడిచి బురదలో దిగితిని. ఆయన రాళ్ళు తెచ్చి అంచులమీద పెట్టుచు వచ్చెను. నా కొస దగ్గర రాయి పెట్టునప్పటికి చీకటి పడెను. ఉదయము ఎండ రాగానే పరదా తీయవలెను, లేనియెడల నారు ఉడికిపోవును. కుమారుడు ఊరిలో లేడు గనుక, ఎన్ని గంటలకు రమ్మందురని నేను అడిగితిని. ఏడింటికి రమ్మనెను.