గోదావరి ఇసుకలో ఉంగరాల వేట

ఉత్తర తెలంగాణాకు సముద్రం లేదు. ఆ లోటు తెలియనీయకుండా గోదావరి ఉన్నది. బాసర ప్రాంతంలో తెలంగాణాలో కాలు పెట్టింది మొదలు కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకొనే దాకా, ఎడమ వైపున పాత ఆదిలాబాదు జిల్లానూ, కుడి వైపున నిజామాబాదు, కరీంనగరం జిల్లాలనూ ఒరుసుకుంటూ పోతుంది. 2016లో ఈ జిల్లాలను ముక్కలు చేసి, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల అంటూ కొత్త పేర్లు పెట్టారు. నదికి మాత్రం పాత పేరే. ఆ పేరు కూడా ఇక్కడివారి నోట గోదావరి కాదు, 'గంగ'. "గంగకు పోయి వచ్చినం" అంటే కాశీకి పోయి వచ్చారనుకొని కంగారుపడకండి. రాయపట్నం వంతెన దాకా పోయి వచ్చారన్నమాట!

ఈ గంగ ఒడ్డున ఉన్న ఊళ్లన్నిటిలో నాకు ధర్మపురి అంటే ప్రీతి ఎక్కువ. తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ణి కనుక, నరసింహ శతకం వ్రాసిన శేషప్ప కవి ఊరని మొదట వెళ్లాను. తరువాత ఊరికోసమే వెళుతున్నాను. జగిత్యాల నుంచి సుమారు 30 కిలోమీటర్లు. లక్ష్మీనరసింహస్వామి కోవెలలోనే యమధర్మరాజుకు కూడా గుడి ఉన్నది. ధర్మపురికి వచ్చినవానికి యమపురి లేదని ఇక్కడి నానుడి. నది ఇక్కడ దక్షిణంగా తిరుగుతుంది. ఆవలి ఒడ్డున, ఇంకా దిగువన ఉన్న చెన్నూరులో అదే నది ఉత్తరంగా తిరుగుతుంది. ఏ ఊరి మలుపు ఆ ఊరివారికి గొప్ప.

జాతరలో ధర్మపురిని చూడదలచినవారు చూడవచ్చును. నేను మాత్రం జాతర వెళ్లిపోయాక, ఎండలు ముదరకముందు వెళ్లమంటాను. ఎగువన పోచంపాడు దగ్గర 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరం నీళ్లు పట్టుకుంటుంది కనుక, అప్పటికి ఇక్కడ నది సన్నబడుతుంది. మెట్ల కింద ఇసుక తెల్లగా బయటపడుతుంది. జనం లేరు, మైకులు లేవు. ఒకరిద్దరు స్నానం చేసేవారు, నాలుగు పడవలు, ఇసుక మీద నడిచే కొంగలు. అంత నిశ్శబ్దంలోనూ పనిలో ఉండేవారు కొందరున్నారు. వారు నది మింగినదాన్ని వెదికేవారు.

నది మింగడమేమిటంటారా? గంగలో మునిగిన ప్రతివారూ ఏదో ఒకటి వేసి పోతారు. నాణెం వేస్తే అది తెలిసి వేసింది. ఉంగరం వేస్తే అది తెలియక వేసింది. చల్లని నీటిలో వేలు సన్నబడుతుంది. పసుపో, సబ్బో రాసుకుంటే జారుడు. మూడుసార్లు ముక్కు మూసుకొని మునిగి లేచేసరికి వేలు బోసి. 2015 జూలై 14 నుంచి 25 వరకు జరిగిన పుష్కరాలలో బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరం రేవులన్నీ కిటకిటలాడాయి. ఆ పన్నెండు రోజుల్లో ఎన్ని వేళ్లు బోసిపోయాయో ఆ గంగమ్మకే ఎరుక.

వెదికేవారిలో రెండు తెగలు. మొదటిది పిల్లలది. తాడుకు పెద్ద అయస్కాంతం కట్టి నీటిలోకి విసిరి లాగుతారు. నేటి ఉక్కు నాణేలు దానికి అతుక్కొని వస్తాయి. కాని వెనుకటి రాగి, ఇత్తడి నాణేలు రావు. బంగారం, వెండి అసలే రావు. నాణేలకంటె ఎక్కువగా వచ్చేది నల్లని ఇసుక. గోదావరి మహారాష్ట్రలోని నల్లరాతి నేలను కోసుకొని వస్తుంది కనుక, ఆ రాతిలోని ఇనుపరజను ఇసుకలో కలిసి ఉంటుంది. పిల్లలు దాన్ని దులిపివేసి మళ్లీ విసురుతారు.

రెండవ తెగ జల్లెడ పట్టే పెద్దవారిది. వీరి పని చూసినప్పుడు నాకు మన నిఘంటువులలోని 'జలగడుగు' అనే మాట గుర్తుకు వస్తుంది. కంసాలి దుకాణం ఊడ్చిన మట్టిని నీటిలో కడిగి, బంగారు రజను తీసుకోవడానికి ఆ మాట. వెండి తీగ పనికి పేరుపడ్డ కరీంనగరం వంటి ఊళ్లో దుకాణం చెత్త కూడా చెత్త కాదు. మన్ను తేలిక, బంగారం బరువు. నీటిలో ఆడించిన కొద్దీ మన్ను అంచు దాటిపోతుంది, బంగారం అడుగున కూర్చుంటుంది. బంగారం నీటికంటె 19 రెట్లు బరువు. ఉంగరంలో రాగి కలుస్తుంది కనుక కొంచెం తక్కువ. ఇసుకమీద పడిన ఉంగరం పడినచోట ఉండదు. జనం తొక్కిన కొద్దీ, అల కదిపిన కొద్దీ కిందికి దిగి, గట్టి పొర తగిలినచోట ఆగుతుంది. వెదికేవాని విద్య అంతా ఆ పొర ఎంత లోతున ఉన్నదో తెలుసుకోవడంలోనే ఉన్నది.

మొన్న వేసవికి ముందు వెళ్లినప్పుడు ఈ విద్యను దగ్గరగా చూసే అవకాశం కలిగింది. లక్సెట్టిపేట నుంచి వచ్చిన కొత్త కోడలొకతె స్నానం చేసి లేచి, కుడిచేయి చూసుకొని, నీటిలోనే నిలబడిపోయింది. ఏడవలేదు. చనిపోయిన తల్లి చెవికమ్మలు కరిగించి తండ్రి చేయించి పెట్టిన ఉంగరమట. అత్తగారు ఒక్కమాట అనలేదు. ఆ అనకపోవడమే ఆ పిల్లను మరీ భయపెట్టినట్లున్నది. భర్త గబగబ నీటిలోకి దూకబోయాడు. జల్లెడ పట్టుకున్న ముసలాయన ఒక్క కేక పెట్టాడు.

"దిగకుండ్రి! తొక్కితే బంగారం లోపటికి పోతది. బిడ్డా, నువ్వు ఏడ మునిగినవో గా జాగల్నే నిలబడు. కదలకు."

ఆ పిల్ల చుట్టూ నాలుగు కర్రలు పాతించి, తాడు చుట్టించి, అప్పుడు ఆమెను బయటకు రమ్మన్నాడు. ఇంతలో రేవు మెట్ల మీద నుంచి ఒక కుర్రవాడు దిగివచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు, సెలవులకు మేనమామ ఇంటికి వచ్చాడు. చేతిలో పొడుగాటి కడ్డీ, దాని చివర పళ్లెమంత చుట్ట, చెవులకు తొడుగులు. మెటల్ డిటెక్టరు! ముసలాయన దానిని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "కానియ్యి. నీ మిషన్ ఏమంటదో చూద్దాం" అన్నాడు.

ఈ యంత్రం చరిత్ర చిత్రమైనది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డును ఒకడు తుపాకీతో కాల్చినప్పుడు, ఒంట్లో ఉన్న గుండు ఎక్కడున్నదో కనిపెట్టడానికి టెలిఫోను గ్రాహంబెల్ ఇటువంటి సాధనం తయారు చేశాడు. అది గుండును పట్టలేకపోయింది. మంచంలోని ఉక్కు స్ప్రింగులు అడ్డం వచ్చాయని చెబుతారు. రెండవ ప్రపంచయుద్ధంలో కొసాస్కీ అనే పోలండు సైనికాధికారి దీనిని మందుపాతరలు పట్టే పనిముట్టుగా దిద్దాడు. 1942లో ఎల్ అలమీన్ ఎడారిలో సైన్యానికి దారి చూపింది అదే. పని సూత్రం సులువు. తీగచుట్టలో మారే విద్యుత్తు ప్రవహిస్తే చుట్టూ అయస్కాంతక్షేత్రం పుడుతుంది. కింద లోహముంటే అందులోనూ చిన్న విద్యుత్ సుడులు పుట్టి, ఎదురు క్షేత్రాన్ని పంపుతాయి. యంత్రం దాన్ని విని కూస్తుంది. కనుక అయస్కాంతానికి లొంగని బంగారం దీనికి లొంగుతుంది. ఇప్పుడు ఎన్నో దేశాల సముద్రతీర గ్రామాల్లో సరదాకు ఈ యంత్రం పట్టినవారు, ఇసుకలో పోయిన పెళ్లి ఉంగరాలను వెదికి సొంతదారులకు అప్పగిస్తున్నారు. అక్కడ యంత్రాన్ని తికమకపెట్టేది ఉప్పునీరు. ఇక్కడ మన నల్ల ఇసుక.

కుర్రవాని యంత్రం కూసింది. తవ్వితే సోడాసీసా మూత. మళ్లీ కూసింది, తుప్పు మేకు. మూడవసారి రూపాయి బిళ్ల. నాలుగవసారి వచ్చింది అరిగి తీగలా అయిన వెండి మట్టె. ఆ పిల్ల దాన్ని అరచేతిలో పెట్టుకొని, "ఇది నాది కాదు తాతా" అంది. ఏ ఇల్లాలిదో! జోడు మట్టెలో ఒకటి ఇక్కడ ఉండిపోయింది, రెండవది ఏ పెట్టెలో ఉన్నదో. ముసలాయన దాన్ని తన తువ్వాలు కొనకు ముడివేసుకొని, "దీనికి మనిషి లేదు. నర్సింహసామి హుండీల ఏస్తా" అన్నాడు.

గంట గడిచింది. తాడు మూలన యంత్రం సన్నగా, ఆగి ఆగి మూలిగింది. జానెడు లోతు దాటితే చిన్న ఉంగరం జాడ పట్టడం దానికి కష్టమట. కుర్రవాడు తల అడ్డంగా తిప్పాడు, అది నల్ల ఇసుక కావచ్చునన్నాడు. ముసలాయన ఒప్పుకోలేదు. మోచేతి దాకా చేయి దించి, రెండు తట్టల ఇసుక తీసి, జల్లెడలో వేసి నీటిలో ఆడించాడు. మూడవ తట్టలో, గులకరాళ్ల మధ్య, ఉంగరం. ఎవరు కనిపెట్టారు? చోటు చూపింది యంత్రం, నమ్మి దిగింది చేయి. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. అత్తగారు కొంగుతో ఆమె తల తుడిచి, "ఇగ ఊకో బిడ్డా, దొరికింది గదా" అంది. మామగారు అయిదువందల నోటు తీస్తే ముసలాయన వద్దన్నాడు. "ఇనాము గాదు, కూలి ఇయ్యుండ్రి" అని, సగం రోజు కూలి లెక్కగట్టి తీసుకున్నాడు.

కాళిదాసు శాకుంతలంలో జాలరి కథ పాఠకులకు తెలిసిందే. వ్యాసుని భారతంలో ఉంగరం లేదు. అది కాళిదాసు కల్పన. చేప కడుపులో రాజముద్రిక దొరికినందుకు పాపం ఆ జాలరిని రక్షకభటులు దొంగ అని పట్టుకొని కొట్టారు. తరువాత రాజు ఉంగరం విలువకు సరిపడే ధనమిస్తే, ఆ భటులే వాణ్ణి స్నేహితుణ్ణి చేసుకొని కల్లుపాకకు వెంటబెట్టుకుపోయారు. దొరికినవస్తువుకు సొంతదారు తెలిసినచోట న్యాయం ఏదో విధంగా తేలుతుంది. తెలియనిచోటే చిక్కు.

ఆ చిక్కు మరునాడే వచ్చింది. కుర్రవాడు నన్ను వెదుక్కొని వచ్చి, "సార్, కోటిలింగాలకు పోదాం. అక్కడ మిషన్ పెడితే రాజుల నాణేలు వస్తయట గదా?" అన్నాడు. సరే, పోదాం పద అన్నాను. ధర్మపురికి దిగువన, వెల్గటూరు మండలంలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఆ ఊరు. ఒడ్డున కోటేశ్వరస్వామి గుడి, ఎదుట ఎల్లంపల్లి జలాశయపు నీళ్లు సముద్రమంత. 20 టి.ఎం.సి. పట్టే ఆ జలాశయం నిండితే, పాత కోట దిబ్బలో కొంత భాగం నీటి కిందికి పోతుంది.

ఆ గట్టున కూర్చొని అతనికి కథ చెప్పాను. 1970ల చివరలో సంగనభట్ల నరహరిశర్మగారు ఈ దిబ్బపై తేలిన నాణేలను ఏరి, శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారికి చూపించారు. వాటిమీద గోబద, నారన, సమగోప అంటూ అంతకుముందు చరిత్రకెక్కని పేర్లు. మరికొన్నిటి మీద సిముకుని పేరు. శాతవాహన వంశానికి మూలపురుషుడని పురాణాలు చెప్పే సిముకుడు! ఆ తరువాత పురావస్తుశాఖవారు తవ్వకాలు జరిపారు. శాతవాహనుల తొలి నెలవు ఈ గడ్డే అన్నవారికి ఈ నాణేలే బలం. కాదు, పడమటి దిక్కు అన్నవారూ ఉన్నారు, వాదం తెగలేదు. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులో కుండ నిండా దాదాపు 22,000 శాతవాహన నాణేలు దొరికాయి. రోము చక్రవర్తులు ఆగస్టసు, టైబీరియసుల వెండి నాణేలూ దొరికాయి.

"మరి శర్మగారు ఏరిండ్రు గదా సార్! మేమేరితే తప్పా?" అన్నాడు కుర్రవాడు. ప్రశ్న మంచిదే. ఆయన పైకి తేలినవి తీశారు, ఎక్కడివో చెప్పారు, తెలిసినవారి చేతిలో పెట్టారు. సిముకుని నాణెంలో లోహం విలువ ఎంత? నాలుగు రూపాయలు చేయదు. దాని విలువంతా 'కోటిలింగాలలో దొరికింది' అన్న ఒక్క మాటలో ఉన్నది. ఏ పొరలో, ఏ పెంకు పక్కన ఉన్నదో తెలిస్తే దాని వయసు తెలుస్తుంది. యంత్రం కూసిందని గుంట తవ్వి నాణెం లాగితే, నాణెం వస్తుంది, ఆ మాట పోతుంది. నిన్న ఆ పిల్ల ఉంగరానికి ఆమె వేలు సాక్షి. ఈ నాణేలకు వేలు లేదు. వాటికి నేలే సాక్షి.

చట్టమూ అదే చెబుతున్నది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన నిక్షేపం దొరికినవారు కలెక్టరుకు తెలియపరచాలి. ఇంగ్లండులో కూడా 1996లో ఇటువంటి చట్టమే చేశారు. 2009లో స్టాఫర్డ్‌షైరులో యంత్రం పట్టినవాడొకడు పొలంలో పాతకాలపు బంగారు నిధి కనుగొని, అధికారులకు చెప్పాడు. పండితులు వచ్చి మిగతాది పద్ధతిగా తవ్వారు. యంత్రం చెడ్డది కాదు. దానికి 'ఎక్కడున్నది' అని మాత్రమే తెలుసు, 'ఎవరిది' అని తెలియదు. అది అడగవలసింది మనిషి.

కుర్రవాడు కాసేపు నీళ్లవంక చూశాడు. యంత్రాన్ని సంచిలోనుంచి తీయనేలేదు. "నీళ్లు దిగినప్పుడు ఒడ్డు కోసుకపోతది గదా సార్, అప్పుడు పైకి తేలితే?" అని మాత్రం అడిగాడు. ఫోటో తీసి, చోటు వ్రాసుకొని, పురావస్తుశాఖకు చెప్పమన్నాను. ఆ మాటే కాగితం మీద వ్రాసుకున్నాడు. తిరుగుదారిలో, కరీంనగరం మ్యూజియం ఏ వేళకు తెరుస్తారని అడిగాడు.

ధర్మపురికి వెళ్లే పాఠకులకు ఒక మనవి. వదులు ఉంగరాలు, వదులు మట్టెలు ఇంట్లో పెట్టి వెళ్లండి. స్వామి ఏమీ అనుకోడు. పోతే కంగారుపడి నీరు కలచకండి. నిలబడ్డచోటే నిలబడి, గుర్తుకు కర్ర పాతించండి. రేవులో జల్లెడ పట్టే ముసలాయన కోసం అడగండి. పొద్దుటిపూట ఉంటాడు. కూలి మాత్రం సరిగ్గా ఇవ్వండి. ఎక్కువ ఇస్తే తీసుకోడు.