కొత్త విత్తనానికి ఒక మడి

“కొత్తొక వింత, పాతొక రోత” అన్నారు పెద్దలు. అందులో నిజమెంతో నాకు తెలియజెప్పింది ఏ గ్రంథమూ కాదు. యాసంగి వడ్లు అమ్మిన డబ్బుతో మా బాపు కొనిపెట్టిన పాత ల్యాప్‌టాప్!

ఎవరో వాడి వదిలేసిన ఆ యంత్రం నత్తనడక నడుస్తుంటే, హాస్టల్లో ఒక సీనియర్ అన్న జాలిపడి లినక్స్ వేసి పెట్టాడు. లినక్స్ అంటే ఒక్క సరుకు కాదు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన కెర్నల్‌కు తక్కిన సాఫ్ట్‌వేర్ జతచేసి, రకరకాల బృందాలు రకరకాల మూటలు కట్టి ఇస్తాయి. ఆ మూటనే డిస్ట్రిబ్యూషన్ అంటారు. కొన్ని మూటలలో ఈ వారం పుట్టిన సరుకు ఈ వారమే దొరుకుతుంది. నేను ఏరి కోరి అలాంటిదే పెట్టించుకున్నాను. ప్రతి ఆదివారం అప్‌డేట్ చేయడం, కొత్తగా వచ్చిన డెస్క్‌టాప్ సొగసులను పక్క గదివాళ్ళను పిలిచి చూపించడం – అదే నా వైభవం!

బెల్లం నిల్వ మీద ప్రాజెక్టు నివేదిక ఇవ్వవలసిన ముందురోజు సాయంత్రం, అలవాటు కొద్దీ అప్‌డేట్ నొక్కాను. మళ్ళీ తెరిస్తే నల్లని తెర. ఎడమ మూల మిణుకుమిణుకుమంటూ ఒక చిన్న గీత. మూడు నెలల తేమ లెక్కలు, పట్టికలు అన్నీ అందులోనే! మిత్రుడి యంత్రం మీద పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, నా ఫైళ్ళు బయటికి లాగేసరికి తెల్లవారింది. నివేదిక సాయంత్రానికి గాని ఇవ్వలేకపోయాను. మేడం కోప్పడలేదు. “రేపు ఫ్యాక్టరీలో ఇదే పని చేస్తే ఎట్లయ్యా?” అన్నారంతే. కోప్పడినా బాగుండేది.

ఆ వారం ఇంటికి వెళ్ళి బాపుతో చెప్పుకున్నాను. ఆయన నవ్వాడు.

“అరే, కొత్త ఇత్తనం అచ్చిందని ఉన్న మూడెకరాల్ల ఏస్తమారా? ముందుగాల ఓ మడిల ఏసి సూస్తం. తినే గింజ మాత్రం తెలిసిన దాన్లకెల్లే రావాలె.”

నాకు కళ్ళు తెరుచుకున్నాయి. మన రుద్రూర్‌లోని చెరకు, వరి పరిశోధనా స్థానం చేసేదీ ఇదే కదా! కొత్త వంగడాన్ని ఏళ్ళ తరబడి తమ మళ్ళలో చూసి, చిరు సంచుల రూపంలో రైతుల పొలాల్లో పరీక్షించిన తరువాతనే విడుదల చేస్తారు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ అనే డిస్ట్రిబ్యూషన్‌లోనూ అదే వరుస. కొత్త సరుకు ముందు “సిడ్” అనే మడిలో పడుతుంది. సిడ్ అంటే ‘టాయ్ స్టోరీ’ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లవాడు! అక్కడ నిలిచింది “టెస్టింగ్”కు, అక్కడ కుదురుకున్నది రెండేళ్ళకోసారి “స్టేబుల్”కు చేరుతుంది. 2025 ఆగస్టులో అలా వచ్చినదే 13వ విడుదల, ట్రిక్సీ.

ఇక్కడ చాలామంది పొరబడతారు. స్టేబుల్ అంటే లోపం లేనిదని కాదు, మారనిదని అర్థం. భద్రతకు సంబంధించిన రంధ్రాలు పూడుస్తారే గాని పనితీరు మార్చరు. 1986లో విడుదలైన సాంబ మసూరిని చూడండి. అగ్గితెగులును తట్టుకోలేదని రైతుకు తెలుసు. ఎప్పుడు మందు కొట్టాలో కూడా తెలుసు. తరువాత ఎన్ని రకాలు వచ్చినా దాన్ని వదలని వాళ్ళున్నారు. తెలిసిన రోగంతో కాపురం చేయవచ్చు. తెలియని రోగమే పంట నడుమ కొంప ముంచుతుంది.

అయితే పాతదానికి సుంకం లేదా? ఉంది. నిన్నగాక మొన్న తయారైన ల్యాప్‌టాప్‌లోని వైఫై చిప్‌ను పాత కెర్నల్ గుర్తుపట్టకపోవచ్చు. మనకు అవసరమైన సదుపాయం కోసం రెండేళ్ళు కాచుకోవలసి రావచ్చు. నా గదిమిత్రుడు కొత్త యంత్రం కొన్నాడు కాబట్టి ఫెడోరా పెట్టుకున్నాడు. అది ఆరు నెలలకోసారి కొత్త విడుదల ఇస్తుంది. ఒక్కొక్కదానికి ఆదరణ సుమారు పదమూడు నెలలే. ఏటా ఇల్లు మారే ఓపిక ఉంటే అదీ మంచిదే. నడుమ దారిగా, ఉబుంటు వారి ఎల్‌టీఎస్ రెండేళ్ళకోసారి వచ్చి ఐదేళ్ళు ఆదరణ పొందుతుంది. ఇంకో ఉపాయం – కింది సిస్టం పాతదే ఉంచుకుని, కావలసిన ఒక్క అప్లికేషన్ మాత్రం ఫ్లాట్‌పాక్‌తో కొత్తది తెచ్చుకోవడం. పాత దూలాల మీద కొత్త పెంకు కప్పుకోవడమన్నమాట!

ఇప్పుడు నా చదువంతా డెబియన్ స్టేబుల్ మీదనే. డిస్క్‌లో ఒక మూల కొంచెం చోటు విడిచి అక్కడ కొత్తవి వేసి చూస్తుంటాను. అది నా మడి. అక్కడ ఏదైనా చెడిపోతే తయారుచేసిన వాళ్ళకు రాసి పంపుతాను. అందరూ “ఎవరైనా వేసి చూశాక వేద్దాంలే” అని గట్టు మీద కూర్చుంటే, రేపటి స్టేబుల్ ఎక్కడినుంచి వస్తుంది?

కనుక జూనియర్ మిత్రులారా, “అన్నా, ఏది మంచిది?” అని నన్నడగకండి. అది చెడిపోయిన రోజున మీకు పోయేదేమిటో ముందు లెక్క వేసుకోండి. రాసుకున్నదానికి రెండో ప్రతి వేరేచోట దాచుకోండి. పరీక్ష ముందు రాత్రి మాత్రం, ఎంత ముద్దొచ్చినా, అప్‌డేట్ నొక్కకండి!