స్పర్ధయు, స్నేహమును

ఒక ఒరలో రెండు కత్తు లిమడవని మన పెద్దలు చెప్పుదురు. తోడికోడండ్రను గూర్చియు, ఒకే విద్య నభ్యసించు నెచ్చెలులను గూర్చియు ఈ సామెతను తరచుగ వినుచుందుము. నేను మాత్రము దీనిని పూర్తిగ నమ్మజాలకున్నాను. ఇటలీ దేశపు సైకిలు వీరు లిరువురి చరిత్రమే యిందులకు కారణము. గృహిణులకు సైకిలు పందెములతో నేమి పని యని సోదరీమణులు శంకింపవలదు. ఆ కథ మన యిండ్లకు మిక్కిలి దగ్గరగా నున్నది.

వారిలో పెద్దవాడు జీనో బర్తాలీ; 1914లో జన్మించెను. చిన్నవాడు ఫౌస్తో కొప్పీ, 1919లో జన్మించెను. సైకిలు పందెమున ముందు పోవువానికి గాలి యెదురు తగులును. వాని చాటున వచ్చువానికి శ్రమ తక్కువ. కావున ప్రతి జట్టునందును ఒకడు నాయకుడుగ నుండును. తక్కినవారు వానికి గాలి నడ్డుచు, నీరందించుచు సేవచేయుదురు. 1940లో కొప్పీ యిట్లే బర్తాలీకి సేవకుడుగ జట్టున చేరెను. ఇటలీని చుట్టివచ్చు ఆ యేటి పందెమున కుక్క యడ్డమువచ్చి బర్తాలీ పడిపోయెను. ఇరువది యేండ్ల కొప్పీ ముందునకు వచ్చెను. నాయకుడే సేవకునకు తోడ్పడవలసి వచ్చెను, తోడ్పడెను. కొప్పీ గెలిచెను. తరువాతి కాలమున వీరిని బట్టి ఇటలీ జనులు రెండు పక్షములైరి.

1948లో హాలెండునందలి వాల్కెన్‌బర్గున ప్రపంచపు పందెము జరిగెను. తాను ముందు సాగినచో రెండవవాడు తన చాటున వచ్చి గెలుచునేమో యను శంక యిరువురకును కలిగెను. ఒకరినొకరు కనిపెట్టుకొనుచు, వెనుకబడి, తుదకు పందెమునే విడిచిరి. ఇటలీ సైకిలు సంఘము వారిని కొంతకాలము పందెములనుండి తొలగించెను.

స్పర్ధకును, అసూయకును గల భేద మిచ్చట నాకు తేటపడినది. తోడికోడలి వంటను మెచ్చుకొనిరని తానును మరింత శ్రద్ధగ వండుట స్పర్ధ. ఆమెకు పేరు రాకున్న చాలునని తాను పొయ్యి దరికే పోకుండుట అసూయ. మొదటిదానిచే నింటివారికి రెండు మంచి కూర లబ్బును, రెండవదానిచే పస్తులు. నాకంటె చక్కగ వ్రాయు నెచ్చెలి యొకతె నాకు గలదు. ఆమె వ్రాసినది చదివినప్పుడెల్ల నా మనస్సు చివుక్కుమనును; కాని మరునాడే కలము చేతబట్టుదును. ఆమె లేకున్న నేను వ్రాయుట యెన్నడో మానియుందును.

ఆ యిరువురును నడచుట మరల నేర్చుకొనిరి. 1949లో ఫ్రాన్సును చుట్టివచ్చు పందెమున ఇరువురు నొకే జట్టువారైరి. జూలై 18వ తేదీ బర్తాలీ జన్మదినము. నాటికి ముప్పదియైదు నిండినవి. పర్వతములలో తక్కిన వారినందరను విడిచి ఇరువురు కలిసి పోయిరి. ఆ దినపు గెలుపును కొప్పీ పెద్దవానికి విడిచిపెట్టెను. మరునాడు బర్తాలీ చక్రము గాలి పోయెను. పిమ్మట నాతడు పడిపోయెను. కొప్పీ సాగిపోయి, తుదకు పందెమంతయు గెలిచెను. బర్తాలీ రెండవవాడయ్యెను. ముందునాటి యాదరము మరునాటి పరుగును ఆపలేదు. ఆపవలసిన పనియు లేదు.

1952 నాటి ఛాయాచిత్ర మొకటి లోకప్రసిద్ధము. కొండదారిని ఒకరి చేతినుండి మరియొకరి చేతికి నీటిసీసా పోవుచున్నది. ఇచ్చువా డెవడు, పుచ్చుకొనువా డెవడను వాదము నేటికిని తెగలేదు. నాకా వాదముతో పనిలేదు. సీసా యిరువురి చేతులలోను ఉన్నది గదా!

విధి కూడ వారిని జతపరచెను. బర్తాలీ తమ్ముడు జూలియో 1936లోను, కొప్పీ తమ్ముడు సెర్సే 1951లోను సైకిలు పందెములందే పడి మరణించిరి. అట్టి దుఃఖమును తెలిసినవాడు ప్రతిపక్షి యైనను పరాయివాడు కానేరడు.

1959 చివర బర్తాలీ నడపు జట్టులో చేరుటకు కొప్పీ యొప్పుకొనెను. మొదటి నాయకుని చెంతకే మరల చేరబోవుచుండగా, ఆఫ్రికా ప్రయాణమున మలేరియా సోకి, 1960 జనవరి 2వ తేదీన నలువదియేండ్లకే మరణించెను. బర్తాలీ 2000 సంవత్సరము వరకు జీవించెను. ఆ నలువదియేండ్లును అతనితో సమముగ పరుగిడగల కొప్పీ లేడు.

మనకు జోడైన స్త్రీ మన యింటనో, పొరుగుననో యున్నచో, ఆమె వెనుకబడవలెనని కోరుకొనకుందము. ఆమె నడచుచున్నంత కాలమే మన నడకకును ఊపు గలదు.